బుర్రట మనదే

మా ఆఫీసు పూర్తిపేరు రాష్ట్ర విదేశీ జ్ఞాపికల సేకరణ, పరిశీలన, పరిరక్షణ మండలి. బోర్డు మీద అంత పేరు పట్టక పెయింటరు చివరి రెండు మాటల్నీ కింద చిన్న అక్షరాలతో ఇరికించాడు. సరిగ్గా ఆ చిన్న అక్షరాల వెనకాలే నా సీటు. నా పేరు మట్టా వీరభద్రం. సూపరింటెండెంటుని. ఇరవై రెండేళ్లుగా వచ్చేపోయేవాళ్లందరికీ ఒకటే మాట చెబుతూ బతుకుతున్నాను. "అసలు మీ దగ్గరే ఉంచుకోండి బాబూ, ఆఫీసుకి నకలు చాలు." ఆఫీసుకిచ్చిన అసలు కాగితాన్ని మళ్లీ కళ్లజూసినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు.

మేం చేసే పనేమిటంటే, అధికారులు అధ్యయనం నిమిత్తం పరదేశాలు వెళ్లి అక్కణ్ణించి తెచ్చే జ్ఞాపికల్ని జమ చేసుకుని అద్దాల బీరువాల్లో పెట్టడం. వాటిని చూసి జనం, ఔను సుమా, వీళ్లు నిజంగానే వెళ్లొచ్చారు అనుకోవాలని ప్రభుత్వం వారి ఉద్దేశం. చూడ్డానికి జనం రారు. అది వేరే సంగతి.

కిందటేడు ఇటలీ వెళ్లొచ్చిన బృందం ఓ ఒరిగిన గోపురం బొమ్మ తెచ్చింది. జానెడు ఎత్తు. చూసినవాళ్లంతా అయ్యో పాపం అన్నారు. చివరికి ఎవరో పుణ్యాత్ముడు అడుగున అట్టముక్క దోపి దాన్ని నిటారుగా నిలబెట్టాడు. ఆ అట్టముక్క తీయబోతే అడుగున అంటించిన చీటీ బయటపడింది. తయారైన దేశం పేరు అందులో ఉంది. అది ఇటలీ కాదు.

మా డైరెక్టరు కొమరగిరి విశ్వమోహన్ గారికి ఆ చీటీ చదివాక రెండురోజులు అన్నం సయించలేదు. మూడోరోజు ఆయన కలం పట్టుకుని 'జ్ఞాపికల నిజప్రాంతీయత నియమావళి' రాయడం మొదలుపెట్టారు. ముప్పై ఒక్క నియమాలు. వస్తువు ఏ ఊరిదని చెబుతారో ఆ ఊళ్లోనే కొనాలి. అది చేత్తో చేసినదై ఉండాలి. చేసిన మనిషితో ఫొటో దిగాలి. ఒకేలాంటివి మూడు తేవాలి, బీరువాకొకటి, ఫైలుకొకటి, ఆ రెంటినీ పోల్చి చూడ్డానికొకటి. తినే వస్తువైతే ఒకటి చాలు. ఇక తిరిగొచ్చినవాడు సొంతింటి గుమ్మం తొక్కకముందే మండలిలో జమ చేయాలి.

మొదటి ప్రతిని ఎలకలు తినేశాయి. ఎవరో శనివారం సొరుగులో మర్చిపోయిన పప్పు క్యారేజీ కోసం వచ్చి, పప్పు అయ్యాక నియమావళి మీద పడ్డాయి. ఆ మంట మీద డైరెక్టరు గారు ముప్పై రెండో నియమం చేర్చారు. ఉద్యోగులు ఇళ్ల నుంచి తెచ్చుకున్న క్యారేజీలు సాయంత్రం ఐదు గంటల తరవాత ఎట్టి పరిస్థితుల్లోనూ ఆఫీసులో ఉండరాదు, ఎవరి పేరుతో ఉన్నవి వారు తీసుకుపోవలెను. మొత్తం నియమావళిలో అర్థమున్న నియమం అదొక్కటే అని నేను అప్పుడే అనుకున్నాను. పైకి అనలేదు.

నియమావళి అయ్యాక దాన్ని అమలు చేయాలి కదా. ఇటలీ వెళ్లి అచ్చమైన ప్రాంతీయ జ్ఞాపికలు ఎంపిక చేసి తేవడానికి ఇద్దరితో బృందం వేశారు. ఎంపిక చేయడానికి డైరెక్టరు గారు. ఫారాలు మోయడానికి నేను.

మా ఆవిడ మాణిక్యానికి ఈ కబురు చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. చేటలో బియ్యం ఏరుతూ తలెత్తనైనా ఎత్తలేదు.

"శ్రీలంక వెళ్లారు. ఏనుగుబొమ్మ తెచ్చారు. దాన్ని చూడాలంటే నేను మీ ఆఫీసుకొచ్చి అద్దంలోంచి చూడాలి. దుబాయి వెళ్లారు. ఖర్జూరాల డబ్బా తెచ్చారు. అదీ అద్దంలోనే. పురుగు పట్టి పొడైపోయిందిగానీ నా నోట్లో ఒక్కటి పడలేదు."

"నియమాలు మాణిక్యం. నేనేం చెయ్యను?"

"అందుకే ఒక్కటే అడుగుతున్నా. బొమ్మలొద్దు, చీరలొద్దు. అక్కడోళ్లు తినేది, ఇక్కడ దొరకంది, ఒక్క ముద్ద తెండి. ఇరవై రెండేళ్లకి ఒక్క ముద్ద! నేనేమన్నా ఎక్కువడుగుతున్నానా?"

ఎక్కువడగడం కాదు, ఇంత తక్కువడిగే మనిషికి ఇన్నాళ్లూ అదికూడా తేలేకపోయానని సిగ్గేసింది.

బయల్దేరే రోజున రెండు గిన్నెల స్టీలు క్యారేజీ నిండా గోంగూర పచ్చడి పెట్టిచ్చింది. పెళ్లిలో పుట్టింటివాళ్లిచ్చిన క్యారేజీ అది. మూత మీద 'మ. మాణిక్యం' అని చెక్కించి ఉంటుంది.

"గిన్నె ఖాళీగా తిరిగిచ్చే అలవాటు మనింట లేదు. ఇదీ అంతే. ఖాళీ క్యారేజీ పట్టుకొచ్చారో, మిమ్మల్ని గుమ్మంలోనే నిలబెడతా," అంది. అనడమే కాదు, ఆవిడ నిలబెడుతుంది కూడా.

ఇటలీలో మొదట మోదెనా అనే ఊరెళ్లాం. ఆ ఊరి సిర్కా, అదే వెనిగరు, లోకప్రసిద్ధం. ద్రాక్షరసం కాచి, అటక మీద చెక్కపీపాల్లో పోసి, ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి మారుస్తూ ఏళ్ల తరబడి మగ్గబెడతారు. యజమాని ఓ చెంచాలో నల్లటి చుక్క పోసి, పసిబిడ్డకి ఉగ్గు పట్టినంత జాగ్రత్తగా డైరెక్టరు గారికి అందించి, ఇరవై అయిదేళ్లు అన్నాడు. ఫోనులోని అనువాద యంత్రం ఆ మాట తెలుగులో చెప్పింది.

"ఇరవై అయిదేళ్లుగా సరుకు కదల్లేదా?" డైరెక్టరు గారు చెంచా కింద పెట్టేశారు. "మా దగ్గర పన్నెండేళ్లు కదలని సరుకు నిరుపయోగ వస్తువు కిందికి వస్తుంది. మీరు తక్షణమే ఒక కమిటీ వేసి ఈ పీపాల్ని పారబోయించవలసిందిగా సూచిస్తున్నాను."

యంత్రం అది ఇటాలియన్‌లో చెప్పగానే యజమాని గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, మమ్మల్ని మెట్లు దింపి, పైతలుపు గడియ పెట్టుకున్నాడు.

తరవాత దెరూతా. అక్కడ పింగాణీ పళ్లేల మీద రంగులతో పూలూ పిట్టలూ వేస్తారు. ఓ పెద్దావిడ మా కోసం కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని పూటంతా కూచుని ఒకేలాంటివి మూడు వేసింది. డైరెక్టరు గారు భూతద్దం తీశారు.

"ఈ పువ్వుకి ఏడు రేకులు. ఈ పువ్వుకి ఎనిమిది. ఇవి ఒకేలాంటివి కావు."

చేత్తో వేసినవి కదా అంది ఆవిడ.

"చేత్తో వేశారనడానికి ఆధారం?"

"రేకుల్లో తేడా వచ్చింది కదా!"

"తేడా ఉంటే నమూనా చెల్లదు."

పక్క కొట్లో మిషను మీద అచ్చువేసిన పళ్లేలున్నాయి. మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే. కానీ అవి చేత్తో చేసినవి కావు. నియమావళి ప్రకారం లోకంలో కొనదగిన పళ్లెం అనేదే లేదని ఆ సాయంత్రం తేలింది. డైరెక్టరు గారు ఆ విషయాన్ని ఎంతో తృప్తిగా ఫారంలో రాసుకున్నారు.

నేపుల్స్‌లో దిష్టి తగలకుండా మెడలో వేసుకునే ఎర్ర పగడపు కొమ్ములు అమ్ముతారు. చూపుడువేలంత పొడుగు, చివర వంపు. డైరెక్టరు గారు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పారు.

"వీరభద్రం, ఇది గుంటూరు మిరపకాయ."

"కాదండి, పగడం అంటున్నారు."

"రంగు చూడు, వంపు చూడు. మనది మనకే అమ్మజూపుతున్నారు. పైగా దిష్టి, గిష్టి అనే మూఢనమ్మకాల్ని ప్రభుత్వం ప్రోత్సహించదు."

మా ఆఫీసు గుమ్మానికి వేలాడే నిమ్మకాయా పచ్చిమిరపకాయల దండ కట్టించింది ఆయనే. నేను గుర్తుచేయలేదు. నాకు పెన్షను కావాలి.

ఇలా ఆఖరిరోజు వచ్చేసింది. రెండు పెట్టెల నిండా ఫారాలున్నాయి, వస్తువు ఒక్కటీ లేదు. సోమవారం సాయంత్రం విమానాశ్రయానికి వెళుతూ దారిలో ఓ ఊళ్లో ఆగాం. డైరెక్టరు గారు కారులో గురకపెట్టి నిద్రపోతున్నారు. ఊరి పేరు చదివి నేను ఉలిక్కిపడ్డాను. ఆంద్రియా!

ఎదురుగా చిన్న పాలకొట్టు. లోపల అరవై ఏళ్ల ఆవిడ, మోచేతుల దాకా చేతులెర్రబడి, వేడినీళ్లలో పాలవిరుగుడు ముద్దని సాగదీస్తోంది. ఆవిడ పేరు నున్జియా. చూస్తుండగానే ఆ ముద్దని సంచీలా చేసి, అందులో మీగడా, పీచుల్లాంటి విరుగుడు తునకలూ నింపి, మూతి బిగించి కట్టింది. తెల్లగా, గుండ్రంగా, చిన్న మూట. బుర్రట అంది.

ఏ ఊరని చేత్తో అడిగింది.

"ఆంధ్ర," అన్నాను.

"ఆంద్రియా?"

"ఆంధ్ర."

"ఆంద్రియా!" అని పకపకా నవ్వి, తడిచేతుల్తోనే నా బుగ్గలు పుణికింది. ఎప్పుడో ఊరొదిలి పోయినవాణ్ణి అనుకుందో ఏమో.

నాకు ఏం చేయాలో తోచక క్యారేజీ తీసి గోంగూర రుచి చూపించాను. రొట్టెముక్క మీద రాసుకుని కొరికింది. కళ్లంట నీళ్లు కారాయి. రెండో ముక్క కొరికింది. ఇంకా కారాయి. మూడోసారి ముక్కతో పని లేకుండా క్యారేజీ నా చేతిలోంచి లాక్కుని లోపలికి పోయింది. పచ్చడంతా సీసాకెత్తుకుని, గిన్నెలు వేడినీళ్లతో కడిగి, పైగిన్నెలో బుర్రట, కింది గిన్నెలో ఐసుముక్కలు పెట్టి తెచ్చి నా చేతికిచ్చింది. అడక్కుండానే! గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని ఆ తల్లికి ఎవరు చెప్పారో.

రెండు వేళ్లు చూపించింది. రెండే రోజులు. అనువాద యంత్రం తన ధోరణిలో, "రెండు దినముల పిమ్మట నేను బాధ్యురాలను కాను," అంది.

సోమవారం సాయంత్రం కట్టిన మూట. అంటే బుధవారం సాయంత్రంలోగా మాణిక్యం నోట్లో పడాలి. దారి పొడుగునా కనపడ్డ ప్రతి విమానాశ్రయంలో ఐసు అడుక్కుని మార్చుకుంటూ వచ్చాను. బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి బెజవాడలో దిగాం.

"ఏం తెచ్చావయ్యా అందులో?" డైరెక్టరు గారి కళ్లు అప్పుడు పడ్డాయి క్యారేజీ మీద.

అబద్ధం ఆడదామనుకున్నాను. చేతకాక ఉన్నది చెప్పేశాను. ఖాళీచేతుల్తో వచ్చినందుకు తెగ బెంగపడుతున్న మనిషి మొహం ఒక్కసారి వెలిగిపోయింది. ఇంటి గుమ్మం తొక్కకముందే అన్న నియమం గుర్తుచేసి, నన్ను తిన్నగా ఆఫీసుకే పట్టుకుపోయారు.

జమ చేసుకునే కౌంటర్లో నస్రీన్ ఉంటుంది. కంప్యూటర్ ఆపరేటరు, బుద్ధిమంతురాలు. వస్తువు పేరు కొట్టింది. బుర్రట. తయారీదారు పేరు కొట్టింది. నున్జియా. ఊరి పేరు దగ్గర ఆగింది.

"సార్, ఇందులో ఆంద్రియా లేదండి. ఇటలీలో నాలుగూళ్లే ఎక్కించారు. రోము, మిలాను, వెనిసు, పీసా."

"పేరు నువ్వే కొట్టమ్మా."

"కొడుతున్నానండి. 'ఆంద్రి' అనగానే అదే 'ఆంధ్రప్రదేశ్' అని పూర్తి చేసేస్తోంది. తీసేస్తే అండమాన్ అంటోంది. అండమాన్ పెట్టమంటారా? ఓడరేవు పత్రం అడుగుతోంది మరి."

వెనకాల గోడగడియారం చప్పుడు నాకు చెవిలో కొడుతున్నట్టుంది. ప్రస్తుతానికి ఏదో ఒకటి పెట్టి కానివ్వమన్నాను. అంతా నేను చేసుకున్నదే. నస్రీన్ మీట నొక్కింది. తెర ఎర్రబడి, ప్రింటరు ఓ చీటీ కక్కింది. 'స్వరాష్ట్ర వస్తువు విదేశీ జ్ఞాపికగా సమర్పించబడినది. అనుమానాస్పదం.'

పది నిమిషాల్లో డైరెక్టరు గారి గదిలో నిలబడ్డాను.

"వీరభద్రం! రాష్ట్రంలో తయారైన సరుకుని ఇటలీ తీసుకెళ్లి, ఇటలీ నుంచి తెచ్చినట్టు నటించావా?"

"అయ్యా, తమరు కారులోనే ఉన్నారు కదండీ."

"నేను ఆలోచనలో ఉన్నాను. ఆధారం చూపించు."

నున్జియాతో దిగిన ఫొటో చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు.

"ఈవిడ అచ్చం తెనాలి మనిషిలా ఉంది."

"నస్రీన్ తప్పేం లేదండి, ఆ కంప్యూటర్లో ఊరి పేరు లేదు, తమరు ఒక్క వేలిముద్ర వేస్తే మార్చుకోవచ్చట..."

"కంప్యూటర్ మీద అనుమానమా? అది పెట్టించింది ఎవరు?" ఆయనే. "సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వు. అంతవరకూ ఆ వస్తువు కదలకూడదు."

సంజాయిషీ ఎంతైనా రాయగలను, అది నా చేతి పని. కానీ అప్పటికే టైము పదకొండు. ఐసు కరుగుతోంది.

సరిగ్గా పదకొండింటికి మండలి గౌరవ భాషా సలహాదారు ఆచార్య చిత్తర్వు నరహరి గారు వస్తారు. సలహాకని కాదు, టీకి. బల్ల మీద క్యారేజీ చూసి ఆగిపోయారు. మూత పైకెత్తి వెలుతురుకి పట్టారు.

"ఇందులో తెలుగు శాసనముంది!" అన్నారు వణికే గొంతుతో. "'మ. మాణిక్యం.' మ అనగా మహారాజ. మహారాజ మాణిక్యం!"

"మట్టా మాణిక్యం అండి. మా ఆవిడ," అన్నాను.

ఆచార్యులు గారు వినలేదు. వినే అలవాటున్నవారు ఆచార్యులు కారు. డైరెక్టరు గారు వస్తువు పేరూ, ఊరూ, చేసినావిడ పేరూ ఆయనకి చెప్పి కుర్చీలోంచి లేచారు.

"ఆచార్యా, ఇంతకీ ఇది మనదేనంటారా?"

"బుర్ర వంటి అట్టు బుర్రట్టు. కాలక్రమంలో అట్టు అరిగి బుర్రట. ఊరి పేరు చూడండి, ఆంద్రియా. అనగా మనవాళ్లు పోయి స్థిరపడ్డ చోటు. ఆవిడ పేరు నున్జియా అన్నారు కదా? నూజియా. నూజివీడు! ఇంకేం కావాలి? తెలుగుని తూర్పు ఇటాలియన్ అని మనం ఇన్నేళ్లూ మురిసిపోయాం. చాలించాలి ఆ బానిసబుద్ధి! ఇటాలియనే పడమటి తెలుగు."

డైరెక్టరు గారి కళ్లు చెమర్చాయి. పొద్దున్న నేను దొంగసరుకు పట్టుకొచ్చినవాణ్ణి. ఇప్పుడు పోగొట్టుకున్న వారసత్వాన్ని తిరిగి తెచ్చినవాణ్ణి. ఆయన నా భుజం తట్టారు. ఇరవై రెండేళ్లలో అది మొదటిసారి. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం పన్నెండింటికి అత్యవసర సమావేశం జరిగి, బుర్రట ఆంధ్రుల ఇంటింటా తరతరాలుగా ఉన్న వంటకమని ఏకగ్రీవంగా తీర్మానమైంది. నేను కూడా చెయ్యెత్తాను. దించుకుని ఉంటే సమావేశం ఇంకో గంట సాగేది. ఒంటిగంటకి హాలు మధ్యలోని గాజుపెట్టెలో క్యారేజీని ప్రతిష్ఠించారు. అవును, ప్రతిష్ఠించారు. పెట్టెకి పసుపు రాసి బొట్లు పెట్టారు. నాలుగువైపులా దీపాల కాంతి పడేలా పెద్ద లైట్లు బిగించారు. చాలదన్నట్టు పక్కనే కుందె పెట్టి అయిదు వత్తులూ వెలిగించారు.

"అయ్యా, అది పాలతో చేసిందండి. ఆ వేడికి..."

"జ్యోతి సంస్కృతికి చిహ్నం, వీరభద్రం. రేపు పదకొండింటికి మంత్రిగారు వస్తున్నారు. అప్పటిదాకా ఆరకూడదు."

రేపు పదకొండు! అప్పటికి అది బుర్రట కాదు, వాసన.

రెండింటికి మాణిక్యం ఫోను.

"విమానం పొద్దున్నే దిగిందంటగా? ఇంకా ఇంటికి రాలేదేం? క్యారేజీ ఖాళీయేనా?"

"ఖాళీ కాదు. ఉంది."

"ఏముంది?"

"తినేదే. అక్కడోళ్లు తినేదే. కానీ ఇప్పుడు... మహారాజ మాణిక్యం వారి కాలం నాటిదని తీర్మానం చేశారు."

"ఎండలో తిరిగారా?" అంది.

"దేవుడిలా దండేసి పెట్టెలో పెట్టారే! లైట్లు వేశారు, దీపం పెట్టారు. సాయంత్రానికి పాడైపోతుంది."

"అంటే ఇదీ అద్దంలోనేనా?" అంది. కోపంగా అంటే బాగుండేది. మామూలుగా అంది. "పోన్లెండి. మీరు అన్నం తినండి వేళకి." పెట్టేసింది.

ఆ 'పోన్లెండి' నన్ను అన్నం తిననివ్వలేదు. సీట్లో కూచుని నియమావళి తీశాను. ముప్పై రెండు నియమాలూ వరసగా చదివాను. ఇన్నాళ్లూ ఇతరుల్ని తిప్పడానికి వాడిన పుస్తకం, ఒక్కసారి నాకోసం చదివితే ఏమవుతుందో చూద్దామని. చివరి పేజీ దగ్గర నా ప్రాణం లేచొచ్చింది.

నాలుగున్నరకి డైరెక్టరు గారి గదిలోకి వెళ్లాను.

"అయ్యా, చిన్న సందేహం. గాజుపెట్టెలో ఉన్నది విదేశీ జ్ఞాపికేనాండి?"

"ఎంతమాట! మనదేనని తీర్మానం చేశాం కదా."

"మరి విదేశీది కానప్పుడు నియమావళి ప్రకారం అది జ్ఞాపిక కాదు కదండీ."

ఆయన కాసేపు ఆలోచించారు. "సాంకేతికంగా కాదు."

"జ్ఞాపిక కాకపోతే మరేమిటండీ అది?"

"ఆంధ్రుల ఇంటింటా ఉండే వంటకం."

"ఇంటి వంటకం. స్టీలు క్యారేజీలో ఉంది. తెచ్చింది ఉద్యోగి." ముప్పై రెండో నియమం తెరిచి బల్ల మీద ఆయన వైపు తిప్పిపెట్టాను. "తమరు స్వహస్తాలతో రాసినదండి. టైము నాలుగూ ముప్పై అయిదు."

డైరెక్టరు గారు చదివారు. మళ్లీ చదివారు. సొంత వాక్యంలో తనే ఇరుక్కున్న మనిషి మొహం ఎలా ఉంటుందో నేను ఆవేళే చూశాను.

"అది మహారాజ మాణిక్యం వారి..."

"ఎవరి పేరుతో ఉన్నవి వారు తీసుకుపోవలెను అని ఉందండి. మహారాజావారొస్తే ఇచ్చేద్దాం. రాకపోతే ఆ పేరుగల మనిషి మా ఇంట్లో ఉంది. ఆధార్ కార్డు నకలు తెచ్చాను."

"రేపు మంత్రిగారికి ఏం చూపించను?" ఆయన గొంతు పిల్లాడిలా అయిపోయింది.

"ఇంటింటా ఉండేదే కదండీ. రేపు పొద్దున్న మా ఇంట్లోంచి ఇంకోటి పట్టుకొస్తాను."

కాదనడానికి వీల్లేదు. కాదంటే తీర్మానం తప్పవుతుంది. ఆయన కళ్లు మూసుకుని తల ఊపారు. నేను దీపం ఆర్పలేదు, పాపం. క్యారేజీ మాత్రం దండతో సహా తీసుకుని, నస్రీన్ స్కూటీ వెనకాల ఎక్కి, ఐదూ ఇరవైకి ఇంటి గుమ్మంలో నిలబడ్డాను.

మాణిక్యం తలుపు తీసింది. క్యారేజీ అందుకుని బరువు చూసింది. దండ తీసి మేకుకి తగిలించి, పళ్లెం పెట్టి మూత తీసింది. తెల్లటి మూట కాస్త జారింది, అంతే. కత్తితో కోయగానే మీగడ పళ్లెమంతా పారింది. చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

రెండో చెంచా తిన్నాక కళ్లు తెరిచింది.

"ఇది మనదేనండీ!" అంది ఆశ్చర్యంగా. "మా అమ్మమ్మ ఉట్టి మీది కుండలోంచి దొంగతనంగా పెట్టేది చూడండి, ఆ మీగడే! అచ్చం మనదే."

"ఒసేయ్, మెల్లిగా అను! ఆచార్యులు గారు వింటే మళ్లీ తీర్మానం చేస్తారు."

నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. మూడో చెంచా నా నోట్లో పెట్టింది. నాకూ మీగడలాగే ఉంది. కానీ అంత రుచైన మీగడ నేను జన్మలో తినలేదు.

పళ్లెం ఖాళీ అయ్యాక నాకు రేపటి సంగతి గుర్తొచ్చింది. "మాణిక్యం, పొద్దున్న ఆఫీసుకి ఇంకోటి పట్టుకెళ్లాలి. ఎలా?"

మాణిక్యం లేచి, గట్టి పెరుగు తీసి తెల్లటి గుడ్డలో వేసి, నీళ్లోడేలా మేకుకి వేలాడదీసింది, దండ పక్కనే. అరిటాకు చీలిక కూడా తెచ్చి పెట్టుకుంది, పొద్దున్న మూతి కట్టడానికి.

"మీరే కదండీ ఎప్పుడూ చెబుతారు. అసలు మన దగ్గరుండాలి, ఆఫీసుకి నకలు చాలని."

మర్నాడు పదకొండింటికి మంత్రిగారు వచ్చి, పెరుగుమూటని చాలాసేపు చూసి, "ఇది అదేనా?" అని అడిగారు. డైరెక్టరు గారు నావైపు చూశారు. నేను నేలకేసి చూశాను. డైరెక్టరు గారు తన జేబులోంచి ఆకుపచ్చ సిరా కలం తీసి, గాజుపెట్టెకి అంటించిన చీటీ మీద నిబ్బరంగా రాసి సంతకం పెట్టారు. ఇవాళ్టికీ ఉందది. వారం వారం మాణిక్యం పెరుగు మారుస్తుంది, చీటీ మాత్రం మారదు.

'అసలుతో సరిచూడబడినది.'